తండా తళుకు

ఎర్రగుట్ట తండాలో గోరీ షెడ్డు ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. తుమ్ములు వినబడే దిక్కుకు నడిస్తే చాలు. గిర్నీలో కుంకుడుకాయలు ఆడుతున్నప్పుడు ఆ రేకుల కింద మనిషన్నవాడు తుమ్మకుండా ఉండలేడు. కొంగు ముక్కుకు ఒక చుట్టు చుట్టినా అంతే, మూడు చుట్లు చుట్టినా అంతే. ఒకామె మొదలుపెడితే పక్కామె అందుకుంటుంది. మధ్యలో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. తుమ్ముతూ నవ్వడం ఎంత కష్టమో అక్కడ పనిచేస్తేగాని తెలియదు.

గోరీ మాత్రం నవ్వదు. పొడి కలిపేటప్పుడు ఆమెకు పూజ చేస్తున్నంత నిష్ఠ. పాత పంచెగుడ్డలో జల్లించిన ఇటుక పొడి, ముగ్గుపిండి, కుంకుడు పొడి, నిమ్మ ఉప్పు నేల మీద పరిచిన పరదా మీద కుప్పపోసి, మోచేతుల దాకా ముంచి కలుపుతుంది. తర్వాత చిటికెడు తీసుకుని, తడిచేసి, తన చేతి ఇత్తడి కడియానికి రుద్దుతుంది. కొంగుతో తుడిచి వెలుగుకేసి చూస్తుంది. "ఊఁ" అందంటే ఆ కుప్ప కవర్లలోకి పోయినట్టే. ఏమీ అనలేదంటే మళ్లీ జల్లెడ పట్టాల్సిందే.

ఆ కవరు గురించి చెప్పకపోతే కథే లేదు. ఎర్రటి కవరు, పైన "తండా తళుకు" అని పసుప్పచ్చని అక్షరాలు, కింద గోరీ బొమ్మ. కోడలు సంగీత తీసిన ఫోటో అది. తీజ్ పండుగ నాడు అద్దాల రవిక, చెంపల మీద వెండి బుట్టలు, మోచేతి దాకా గాజులు వేసుకుని కూడా గోరీ బిందె తోముతూ కూర్చుంది. "పండుగ పూట గుడ బిందెనేనా యాడీ?" అని సంగీత అడిగితే పకపకా నవ్వింది. యాడీ అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ. సంగీత కోడలైనా అలాగే పిలుస్తుంది. ఆ నవ్వును సంగీత ఫోన్లో పట్టేసింది. ముందు పన్ను లేని నవ్వు. జనగామ ప్రెస్సువాళ్లు "పన్ను కంప్యూటర్ల పెట్టేస్తం మేడం" అన్నా ఒప్పుకోలేదు. "మా అత్తకు లేని పన్ను మీరెట్ల పెడ్తరు?" అని పోట్లాడి ఉన్నదున్నట్టు అచ్చేయించుకుని వచ్చింది.

ఫినాయిలూ గిన్నెల సబ్బూ కూడా చేస్తారుగాని, ఇత్తడి తోమే పొడే వాళ్ల పెద్దకొడుకు. గార్లలో గోరీ చెల్లెలు అమ్ముతుంది, చిట్యాలలో మేనమామ కొడుకు కొట్లో పెడతాడు. అవి చుట్టరికం బేరాలు. అసలు బజారు తొర్రూరు. తొర్రూరులో శివప్రసాద్ కిరాణా. చుట్టూ ఊళ్ల చిన్న దుకాణాలన్నీ అక్కడే సరుకు ఎత్తుతాయి. సరుకు ఆయన దుకాణం మెట్టెక్కితే వంద దుకాణాల మెట్లెక్కినట్టు.

ఈసారి దీపావళి నమ్ముకుని గోరీ పెద్ద సాహసమే చేసింది. పత్తి ఏరే రోజుల్లో, కూలీకి పిలుపు మీద పిలుపు వస్తుంటే, తండా ఆడవాళ్లను ఆపింది. "పత్తి చేన్లకు పోవద్దు, నా మాట మీద ఉండుండ్రి. పండుగ దాక షెడ్డుల పని, పండుగెనక గుడ పని" అని అందరి ముందు చెప్పింది. తండాలో కాగితాలు లేవు. మాటే కాగితం. ఆ మాట నమ్మి వాళ్లు పత్తి ఒడి సంచులు దులిపి దూలానికి తగిలించారు.

పండుగ వారం ఉందనగా తన మొగుడు దేవ్యా ఆటోలో అట్టపెట్టెలు వేసుకుని గోరీ తొర్రూరు వెళ్లింది.

"ఏం గోరీ, మళ్లొచ్చినవా? పాతదే కదలలే," అన్నాడు శివప్రసాద్, పెసర్లు కాటా వేయిస్తూ. గడ్డంతో మూలకు చూపించాడు. చీపుర్ల వెనక, ఎలుకల మందు పక్కన, పోయినసారి ఇచ్చిన పెట్టె సీలు కూడా సరిగ్గా విప్పకుండా పడి ఉంది.

"గట్ల ఎలుకల మందు పక్కన దాస్తే ఎవలికి కనపడ్తది సేటూ?"

"కనపడ్డా కొనరు. నేనొకటి చెప్త, కోపానికి రాకు. పొడి మంచిదే. పేరే బాగలే, బొమ్మ బాగలే. తండా అంటే జనానికి గుడుంబ యాదికొస్తది గని ఇత్తడి గిన్నెలు యాదికొస్తయా? ఆ మీద నీ ఫోటో. ముందు పన్ను గుడ లేకపాయె."

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోరీకి తల కొట్టేసినట్టయింది. తండాలో గుడుంబ బట్టీలు ఆరిపోయి ఏళ్లు దాటాయి, ఆ వాసన మాత్రం ఊరివాళ్ల ముక్కులు వదలదు. వాళ్ల ముక్కులకు ఏ ఫినాయిలు పోయాలో ఆమెకు తెలియలేదు.

శివప్రసాద్ చెడ్డవాడేం కాదు. నవ్వినవాళ్లను కళ్లతోనే ఆపి, గొంతు తగ్గించాడు. "ఇగో, ఒక పని చెయ్యి. పొడి గోనె సంచులల్ల పోసియ్యి. నా కవర్ల నేను కట్టుకుంట, మహాలక్ష్మి బొమ్మ ఏస్త. మీరెంత చేస్తే అంత నేనే తీసుకుంట, పండుగెనక గుడ. నీకు పరేషాన్ ఉండదు, నాకు ఉండదు. ఆలోచించుకో."

దించని పెట్టెలతోనే ఆటో తండాకు మళ్లింది. దేవ్యా, "పన్ను కట్టిచ్చుకుంటె అయిపోవునేమో," అని ఊరుకోలేక అన్నాడు. గోరీ చూసిన చూపుకు తండా వచ్చేదాకా మళ్లీ నోరు తెరిచే ధైర్యం చేయలేదు.

సంగీత విని అగ్గి మీద గుగ్గిలమైంది. "మన పొడికి ఆయన పేరా? యాడీ, సరుకు అడిగేటోళ్లు లేరనే గదా ఆయన బాధ? అడిగేటోళ్లను మనమే పంపుదాం."

ఆ సాయంత్రం షెడ్డు ముందు కూర్చుని ఉపాయం చెప్పింది. పొద్దున మొదటి బస్సుకు తండా ఆడవాళ్లు కొందరు తొర్రూరు పోవాలి. ఒకరి తర్వాత ఒకరు శివప్రసాద్ దుకాణం మెట్లెక్కి, "తండా తళుకు ఉన్నదా సేటూ?" అని అడగాలి. ధర అడగాలి. "మళ్లొస్త" అని దిగిపోవాలి. అంతే. కొనొద్దు. నాలుగు రోజులు ఇట్ల అడిగితే ఆయనే పెట్టె ముందుకు జరుపుతాడు.

"కొనొద్దు," అని మళ్లీ చెప్పింది సంగీత. "సమజైందా చాందీబాయీ?"

"నా చెవులు మంచిగనే ఉన్నయి," అంది చాందీబాయి. తండాలో పెద్ద వయసామె. ఈ కాలంలో సీతాఫలాల గంప ఎత్తుకుని తొర్రూరు బస్టాండులో అమ్ముకోవడం ఆమె పని. ఎట్లాగూ పోయేదాన్నేనని మొదటి వంతు తనే తీసుకుంది.

తెల్లారి గోరీకి షెడ్డులో చెయ్యాడలేదు. కలిపిన కుప్పే మళ్లీ కలిపింది. పొద్దు నడినెత్తికొచ్చాక బస్సు దిగి ఆడవాళ్లు వచ్చారు. దూరం నుంచే నవ్వులు. దగ్గరికొచ్చి గోరీ మొహం చూశాక మాత్రం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"అడిగిన్రా?"

"అడిగినం."

"ఏమన్నడు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి చాందీబాయే గంప దించి, కింద కూర్చుని, మోకాళ్లు చాపుకుంది. "ఏం చెప్పాలె బిడ్డా. నేను పోయేటాళ్లకు ఆయన అప్పుడే దుకాణం తీసి, గడప కడిగి, ఊదుబత్తి ముట్టిచ్చిండు. ఇంక బోణీ కాలే. ఉన్నదా సేటూ అంటి. ఉన్నదవ్వా అని, మొత్తం వంగి, చీపుర్లు జరిపి, ఎలుకల మందు జరిపి, ఒకటి తీసి తుడిచి నా చేతుల పెట్టిండు. బోణీ బేరం. ఒద్దని ఎట్ల దిగాలె? నేను గుడ గంప పెట్టుకుని అమ్ముకునేదాన్నే. పొద్దుపొద్దున ధర అడిగి కొనకపోతే కడుపుల ఎట్లుంటదో నాకు తెల్వదా? నా నోట రాలే. కొన్న."

"మరి మిగిలినోళ్లు?" సంగీత గొంతు లేచింది. "వాళ్లకు బోణీ కాదుగదా!"

వెనకాల నిలబడ్డామె నేల చూస్తూ అంది: "చాందీబాయి కవరు పట్టుకుని దిగంగ చూసినం. ఉపాయం మారింది గావచ్చు అనుకున్నం. నేను రెండు కొన్న."

"ఆమె రెండు కొంటె నేను ఒకటి కొంటె బాగుండదని నేను మూడు," అంది ఇంకొకామె.

అట్లా మెట్టు మెట్టుకూ లెక్క పెరిగి, పెట్టె అడుగు కనబడిందట. మన సరుకు మనమే తయారుచేసి, మన కూలి పెట్టి మనమే కొనుక్కొచ్చామన్నమాట! సంగీత నెత్తి పట్టుకుని కూర్చుంది. ఇట్లాంటి కంపెనీ భూమ్మీద ఎక్కడైనా ఉందా?

"ఏవీ, తెచ్చిన కవర్లు?" అంది గోరీ.

చేతులన్నీ ఖాళీ.

అసలు కథ అప్పుడు చెప్పారు. బస్సు రావడానికి పొద్దుంది. మన కవర్లు మనం తండాకు మోసుకుపోతే గోరీ తంతుందని అందరికీ భయం. చాందీబాయి తన సీతాఫలాల గంప మీద వాటిని పేర్చింది. పండ్లకు పిలిచే గొంతుతోనే పిలిచింది. ఎవరూ రాకపోతే తన చేతి ఇత్తడి కడియం తీసి, సగం నల్లగా వదిలి, సగం తోమి, వరంగల్ బస్సు కిటికీ దగ్గర పట్టుకుని నిలబడింది. "గిటు సూడు బిడ్డా, గటు సూడు" అని తిప్పి తిప్పి చూపించింది. ఇంకేముంది! కిటికీల్లోంచి చేతులు వచ్చాయి. ఖమ్మం బస్సు వాళ్లు దిగి వచ్చారు. ఎవరో కండక్టరు తన విజిల్ తోమిచ్చుకుని ఈల వేసి చూశాడట, సందట్లో సడేమియా.

గోరీ నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది. విజిల్ దగ్గర ఓడిపోయింది. షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వింది, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

నవ్వు అయిపోయాక మాత్రం గోరీ లెక్కలు వేసుకుంది. బస్టాండులో ఒక పూట సంబరం బాగుంది. దూలానికి తగిలించిన ఆ ఒడి సంచులో? తన మాట మీద ఆగిపోయిన ఇన్ని కడుపులో? పైగా బోణీ వేళ ఒక వ్యాపారస్తుణ్ని మోసం చేసినట్టయింది. ఆ ముల్లు గోరీని నిలవనీయలేదు. చెట్టు కిందికి పోయి ఫోను కలిపింది.

"అరే గోరీ! పెట్టె ఖాళీ అయింది!" అన్నాడు శివప్రసాద్ అటునుంచి.

"సేటూ, మావోళ్లే కొన్నరు. నేనే పంపిన. తప్పయింది."

అవతల పెద్ద నవ్వు. "నాకు తెల్వదనుకున్నవా? అందరు ఒక్క బస్సు దిగిరి, పక్క షట్టర్ కింద లైను కట్టిరి, అందరు ఒక్కటే మాట అడిగిరి. నేను ఎరుకలేనట్టు ఇచ్చిన. ఇగ ఇట్లాంటియి ఎందుకు గని, నేను చెప్పింది ఏం చేసినవ్?"

గోరీ గిర్నీ వైపు చూసింది. అందరూ ఇంకా విజిల్ గురించే చెప్పుకుని నవ్వుతున్నారు.

"సరే సేటూ. సంచులల్లనే పోసిస్త. ఎల్లుండి వచ్చి తీస్కపో."

ఆ మాట అని ఫోను బొడ్లో దోపుకున్నాక గోరీకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. కన్నబిడ్డకు వేరేవాళ్ల ఇంటిపేరు రాసిచ్చినట్టు అనిపించింది. అయితే పత్తి చేలకు పోకుండా ఆగినవాళ్లు ఆకలితో ఉండరు గదా, అది చాలనుకుంది.

సంగీత ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడంతా అత్తాకోడళ్లు ఒకే కుప్ప దగ్గర కూర్చుని పొడిని గోనె సంచుల్లోకి ఎత్తారు. ఎర్ర కవర్ల కట్టలు మూలన అట్లాగే ఉన్నాయి. సంచి నోళ్లు సుతిలి తాడుతో కుట్టేటప్పుడు దబ్బనం గోరీ వేలికి గుచ్చుకుంది. సంగీత చప్పున ఆ వేలు నోట్లో పెట్టుకుంది. అలక అప్పటికి సగం తీరింది. మిగిలిన సగం మాత్రం ఆ ఎర్ర కవర్ల దగ్గరే ఆగి ఉంది.

అనుకున్న పొద్దుకు శివప్రసాద్ ట్రాలీలో ఇంకొన్ని ఖాళీ గోనె సంచులు వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో ఆయన పక్కన ఒక పెద్దావిడ. నల్లద్దాలు, నుదుట కాసంత బొట్టు, ఒళ్లో తెల్లగుడ్డలో చుట్టిన మూట.

"మా అమ్మ, లక్ష్మీకాంతమ్మ," అన్నాడు శివప్రసాద్ కొంచెం నసుగుతూ. "ఒద్దంటె వినలే. వస్తనని కూసున్నది."

ఆమె దిగీ దిగకముందే చాందీబాయి పరదా మీద నుంచి లేచింది. "ఓ అవ్వా! మొన్న బస్టాండుల నాతోని గంటసేపు బేరమాడి, చివరికి ఒక్క పైస తగ్గించకుంటనే కొన్నవు, నువ్వే గదా!"

"నేనే," అంది లక్ష్మీకాంతమ్మ. "కంటి దవాఖాన నుంచి వచ్చి బస్సు దిగిన. బస్టాండు రేటు అని దుకాణం కంటె ఎక్కువ తీసుకున్నవు గదనే దొంగముండా!"

షెడ్డంతా గొల్లుమంది. శివప్రసాద్ మొహం చూడాలి. తొర్రూరు అంతటికీ సరుకు పోసే షావుకారు తల్లి, కొడుకు కొట్లో సరుకును బస్టాండులో ఎక్కువ పెట్టి కొనుక్కుంది.

ఆమె ట్రాలీ అంచున కూర్చుని మూట విప్పింది. పాతకాలపు తరాజు. రెండు ఇత్తడి తట్టలు, గొలుసులతో సహా, పొద్దుటి ఎండకు కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి.

"మా ఆయన చేతి తరాజు. దీపావళికి దుకాణంల లక్ష్మీపూజకు పెడ్తం. ఆయన పోయినంక ఎన్ని డబ్బలు తెచ్చి తోమినా ఇట్ల తెల్లారలే. తట్టల నా మొకం కనపడ్డది. ఆపరేషన్ అయిన కంటికి గుడ కనపడ్డది." ఆమె తట్టను ఒకసారి తడిమి, కొడుకు వైపు తిరిగింది. "మన కొట్ల లేదా ఇది అనడిగితే, ఉన్నదమ్మా, బొమ్మ బాగలేదని మూలకు పెట్టిన అన్నడు. బొమ్మ తీసేపిస్తున్న, సంచులు తెస్తున్న అన్నడు. ఎవలిదిరా ఆ బొమ్మ, ఆమెను చూస్త పదా అన్న. ఏది, ఎవలు?"

అందరూ గోరీ వైపు చూశారు. గోరీ కొంగు పొడి దులుపుకుంటూ ముందుకొచ్చింది. నల్లద్దాలు పైకెత్తి, లక్ష్మీకాంతమ్మ ఆమెను పరకాయించింది.

"నవ్వు."

"ఏందమ్మా?"

"ఒక్కసారి నవ్వవే."

గోరీకి సిగ్గేసింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆ పెట్టుకోవడంలోనే నవ్వొచ్చింది.

"ఆఁ, నువ్వే," అంది లక్ష్మీకాంతమ్మ. "బిడ్డా, మా ఇంట్ల అన్ని డబ్బల మీద సినిమా పిల్లలే. ఒక్కతన్న తన చేత్తోని గిన్నె తోమిందా? నీ కవరు మీద నీ చేతులు చూసిన. తోమిన చేతులు. గోళ్లు అరిగిన చేతులు. నా చేతుల లెక్కనే ఉన్నయి. నీ మొకం చూసే కొన్ననే, గంప మీద ఇంకేం చూడలే."

గోరీ కళ్లు నిండాయి. చెప్పాల్సింది మాత్రం ఆమె చెప్పింది. "అమ్మా, నేను సేటుకు మాట ఇచ్చిన. సంచులు కట్టిన. తండాల మాట ఇచ్చినంక తిప్పుకోరు."

శివప్రసాద్ కుట్టిన సంచుల వరస చూశాడు. మూలన ఎర్ర కవర్ల కట్టలు చూశాడు. తల్లి వైపు చూడలేదు, చూడకపోయినా ఆ నల్లద్దాలు తన వైపే తిరిగి ఉన్నాయని తెలుసు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నువ్వు తిప్పుకోకు," అన్నాడు. "నేనే తిప్పుకుంటున్న. తెచ్చిన సంచులల్ల నేను పప్పు పోసుకుంట. నీ కవర్లల్లనే కట్టియ్యి, నీ బొమ్మతోనే. ముందట వరసల పెడ్త."

"పండుగెనక గుడనా?" అని సంగీత టక్కున అడిగింది.

"పండుగెనక గుడ," అన్నాడు శివప్రసాద్. "ఎంత చేస్తే అంత."

గోరీ దబ్బనం తీసుకుంది. కుట్టిన సుతిలిని మొదటి సంచి మూతి నుంచి ఒక్క గుంజు గుంజింది. అది సర్రున ఊడివచ్చింది. రెండో సంచి సంగీత లాగింది. ఆడవాళ్లు పరదా చుట్టూ ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. లక్ష్మీకాంతమ్మ కొడుకును అడగకుండానే చాందీబాయి పక్కన చతికిలబడి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒక కవర్ల కట్ట ముందుకు లాక్కుంది.

"పెట్టెల నిండా కట్టాలంటె చాలసేపు పడ్తది సేటూ," అంది గోరీ. "ఊకెనే నిలబడి ఏం చేస్తవు? కూసో."

శివప్రసాద్ అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, పరదా అంచున మఠం వేసుకున్నాడు. గోరీ ఒక ఎర్ర కవరు ఆయన చేతిలో పెట్టింది. మూతి ఎట్లా తెరిచి పట్టుకోవాలో రెండు వేళ్లు పెట్టి చూపించింది. ఆయన పట్టుకున్నాడు. ఆమె దోసిలితో పొడి పోసింది. ఖాళీగా ముడతలుపడి ఉన్న కవరు నిండుతుంటే, దాని మీది పన్ను లేని మొహం మెల్లగా విచ్చుకుని, శివప్రసాద్ బొటనవేళ్ల మధ్య నుంచి ఆయన వైపే నవ్వింది.

"జర గట్టిగ పట్టుకో సేటూ," అంది గోరీ, "ఇంకా పొయ్యాలె."